ఒక నాయకుడి వెంట నడవాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి?

పాకాల_రైతు రాశారు:

అందరికీ నమస్కారం. మాది పాకాల మండలం. తోతాపురి మామిడి తోట తప్ప మా ఇంటికి వేరే ఆదాయం లేదు. 2025 సీజన్‌లో మా వైపు ఏం జరిగిందో ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా చూస్తామని, అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు ఇస్తే మిగిలిన 4 రూపాయలు తానే ఇస్తానని ప్రభుత్వం ప్రకటించింది. అయినా కాయ కోసి ట్రాక్టరుకెత్తిన రైతు మొదట టోకెన్ కోసం, తరువాత ఫ్యాక్టరీ గేటు కోసం రాత్రింబగళ్లు రోడ్డు మీద పడిగాపులు కాశాడు. అంతసేపు నిలబడలేనివాడు కాయ కొనే వ్యాపారుల ర్యాంపు దగ్గర వాళ్లు ఎంతకడిగితే అంతకు దించేసి ఇంటికి వచ్చాడు.

ఆ తరువాత మా ప్రాంతంలో ఒకాయన రైతులను కూడగడుతున్నారు. ఆయన పేరు ఇక్కడ రాయను. అందరం వాటా డబ్బు కట్టి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుందామని, వచ్చే సీజన్ నుంచి ఎవరూ విడిగా అమ్మకుండా కంపెనీ ద్వారానే ఫ్యాక్టరీలతో ధర మాట్లాడదామని ఆయన చెబుతున్నారు. ఆయన మాట్లాడితే దిగాలుగా ఉన్నవాడికి కూడా ధైర్యం వస్తుంది. మా పల్లెలో సగం మంది ఇప్పటికే ఆయన వెంట ఉన్నారు, మిగతా సగం మంది నాలాగే ఎటూ తేల్చుకోలేక ఉన్నారు.

ఇలాంటి కంపెనీ అవసరమా కాదా అన్న విషయంలో నాకు సందేహం లేదు, అవసరమే. ఒక సీజన్ పంట మొత్తం ఒక మనిషి మాట మీద పెట్టేముందు ఆ మనిషిలో ఏం చూడాలి అన్నదే నా ప్రశ్న. ఎన్నికల రాజకీయాలు, పార్టీల ప్రస్తావన ఇందులోకి తేవద్దని మనవి.

కట్టమంచి_వాసి రాశారు:

ఆయన ఇంతవరకు దేన్ని వదులుకున్నారో ముందు చూడండి. మా చిత్తూరు కట్టమంచి బిడ్డ రామలింగారెడ్డి గారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ విశ్వవిద్యాలయాన్ని పునాది నుంచి కట్టుకుంటూ వస్తున్న మనిషి, ఉద్యమకారులపై బ్రిటిష్ ప్రభుత్వం సాగిస్తున్న అణచివేతకు నిరసనగా 1930లో ఆ పదవినే వదిలేశారు. మళ్లీ 1936లో గానీ ఆ కుర్చీలోకి రాలేదు. పదవి కోసం ఏదైనా వదులుకునేవారు చాలామంది ఉంటారు. పదవినే వదులుకోగలవారు తక్కువ. మీరు చెబుతున్న ఆయనకు ఈ పని వల్ల సొంత నష్టం ఏమైనా ఉందా, లేక లాభం ఒక్కటే ఉందా?

విశ్రాంత_ఆడిటర్_తిరుపతి రాశారు:

నేను ఉద్యోగకాలమంతా సంఘాల లెక్కలు తనిఖీ చేసిన మనిషిని కాబట్టి నా చూపు కాగితాల వైపు పోతుంది. త్యాగం గొప్పదే, అయితే గతంలో త్యాగం చేసినవారు ఇప్పుడు లెక్క చెప్పనవసరం లేదని అనుకోవడం వల్ల మునిగిన సంఘాలను కూడా నేను చూశాను. అందుచేత ఆయన తన అధికారానికి తానే ఎంత కట్టడి పెట్టుకున్నారు, తాను తప్పు దారి పడితే ఆపగలిగే హక్కును మీ చేతిలో ఎంతవరకు ఉంచారు అన్నది చూడమంటాను.

దీనికి చట్టంలో మంచి ఏర్పాటే ఉంది. ఉత్పత్తిదారుల కంపెనీ అనే రూపం 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. పది మంది రైతులు కలిస్తే పెట్టుకోవచ్చు. సభ్యులు వ్యక్తులే అయినప్పుడు ఒకరికి ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకూడదు. నమోదైన 90 రోజుల్లోపు మొదటి సర్వసభ్య సమావేశం జరగాలి, డైరెక్టర్ల ఎన్నిక కూడా ఆ గడువులోనే పూర్తి కావాలి. ఒక డైరెక్టరు పదవీకాలం ఐదేళ్లకు మించి ఉండకూడదు. సర్వసభ్య సమావేశానికి కనీసం 14 రోజుల ముందు నోటీసు రావాలి, దానితోపాటు ఆడిట్ అయిన లెక్కలు, పోటీలో ఉన్నవారి పేర్లు కూడా అందాలి. నియమావళిలో అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే తప్ప, సభ్యుల్లో నాలుగో వంతు హాజరైతేనే కోరం.

ఇవన్నీ చట్టంలో ఉన్నంత మాత్రాన జరిగిపోతాయని కాదు. సమావేశం జరగకుండానే తీర్మానం ఒక ఇంట్లో కూర్చొని రాసి, పుస్తకాన్ని ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకున్న సంఘాలు నాకు ఎదురయ్యాయి. ఆ పేజీ చూడగానే తెలిసిపోతుంది. నిజంగా సమావేశం జరిగితే సంతకాలు రకరకాల పెన్నులతో, వంకర వరుసల్లో, ఆలస్యంగా వచ్చినవారివి అంచుల్లో ఇరికించి ఉంటాయి. ఇంటింటికీ తిరిగిన పుస్తకంలో మొదటి సంతకం నుంచి చివరి వేలిముద్ర దాకా ఒకే పెన్ను, ఒకే ఇంకు ప్యాడ్, సభ్యుల జాబితాలో ఉన్న వరుసే ఉంటాయి.

పాకాల రైతు గారూ, మీరు ఇప్పుడే అడగవలసినది ఒకటుంది. కంపెనీ ఇంకా నమోదు కాకుండానే వాటా డబ్బు వసూలు చేస్తున్నట్లయితే, ఆ డబ్బు ఏ ఖాతాలో ఉంది, ఆ ఖాతా ఎవరి పేరున ఉంది, తీయడానికి ఎన్ని సంతకాలు కావాలి? ఈ మూడింటికీ సమాధానం చెప్పడానికి ఆయన ఎంతసేపు తీసుకుంటారో కూడా గమనించండి.

బంగారుపాళ్యం_కుర్రాడు రాశారు:

ఆడిటర్ సార్ చెప్పినదాన్ని కాదనను. కానీ కాగితాలన్నీ సక్రమంగా ఉండి, ఏటా ఆడిట్ కూడా చేయించుకునే సంఘం ఒకటి మా వైపు ఉంది. రైతులు ట్రాక్టర్లతో రోడ్డు మీద ఉన్న రోజుల్లో దాని పెద్దలు ఒక్కరూ అటు రాలేదు. ఫోన్ చేస్తే పై అధికారులకు వినతిపత్రం ఇచ్చామని చెప్పారు. ఇచ్చి ఉంటారు కూడా.

ఆ వరుసలో ఏ పదవీ లేని ఒక రైతు ఉన్నారు, మా ఊరికి పక్క ఊరు. తన బండి గేటుకు దగ్గరలోనే ఉన్నా దాన్ని కొడుక్కి అప్పగించి, వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఒక్కొక్కరి టోకెన్ నంబరు, వచ్చిన సమయం సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నారు. ఆ అట్ట పట్టుకొని గేటు దగ్గరికి వెళ్లి, ఈ వరుస ప్రకారమే లోపలికి పంపాలని గట్టిగా మాట్లాడారు. అర్ధరాత్రి దాటాక ఒక బండి పక్క సందులోంచి వచ్చి మధ్యలో దూరింది. అది ఆయన సొంత బావమరిది బండి. అందరూ చూస్తుండగానే దాన్ని వెనక్కి తిప్పించారు. ఇద్దరికీ అక్కడే మాటా మాటా పెరిగింది కూడా. ఆ రైతు రేపు ఏ మాట చెప్పినా ఆ వరుసలో నిలబడిన మేమందరం వింటాం. ఆయన దగ్గర తీర్మానాల పుస్తకం ఉందా అని అడగాలని నాకు తోచదు.

కష్టం వచ్చినప్పుడు పక్కన నిలబడతాడా లేదా అన్నదే నా దృష్టిలో మొదటిది, లెక్కల సంగతి దాని తరువాతే.

రేణిగుంట_నివాసి రాశారు:

బావమరిది బండి సంగతి చెప్పి మంచి పని చేశారు తమ్ముడూ. మన దగ్గర నాయకుడిని ఎంచుకునేటప్పుడు అందరూ లోపల చూసుకునేది, ఎవరూ పైకి చెప్పనిది ఒకటుంది, ‘మనవాడా కాదా’ అని. మన కులమా, మన ఊరా, మన వియ్యంకుల వైపా అన్నది చూసుకొనే చాలామంది వెంట నడుస్తారు. అందువల్ల తనవాడికీ పరాయివాడికీ తగువు వచ్చినప్పుడు ఆ మనిషి ఏం తీర్పు చెప్పారో వాకబు చేయండి. అలాంటి సందర్భం ఏ ఊళ్లోనైనా ఒకటి ఉండకపోదు. ఆయన కులం కాని ఇళ్లకు వెళ్లి అడగండి, వాళ్లు చెప్పే దానిలో సగం మాటల్లో ఉంటుంది, సగం చెప్పడానికి వెనకాడటంలో ఉంటుంది.

శ్రీకాళహస్తి_పొదుపు_సంఘం రాశారు:

నేను మహిళా పొదుపు సంఘంలో మొదటి నుంచీ ఉన్న సభ్యురాలిని. మా సంఘాలకు పంచసూత్రాలని ఉంటాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ. ఆడిటర్ గారు చెప్పినవన్నీ చిన్న రూపంలో మా దగ్గరా ఉన్నాయి. అయినా సంఘం నిలబడటం, పడిపోవడం చాలావరకు లీడరు ప్రశ్నను ఎలా తీసుకుంటుందన్న దాని మీదే ఉంటుందని నా అనుభవం.

ఎప్పుడూ నోరు విప్పని ఒకామె మా సమావేశంలో, ఈసారి బ్యాంకు వాళ్లు వడ్డీ ఎంత పట్టుకున్నారని అడిగింది. అప్పటి లీడరు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకొని, “నీకెందుకమ్మా ఆ శ్రమంతా, నేను చూసుకుంటున్నాను కదా” అని నవ్వుతూ అన్నారు. మాటలో మర్యాద ఎక్కడా తగ్గలేదు. అయితే ఆ ప్రశ్న అడిగినామె తరువాత సమావేశాలకు వచ్చి పొదుపు డబ్బు కట్టి వెళ్లిపోయేదే గానీ కూర్చునేది కాదు. కొంత కాలానికి చాలామంది అలాగే చేశారు.

ఆ తరువాత లీడరుగా వచ్చిన ఆవిడ చదువు తక్కువ, మాట కూడా కాస్త కటువు. ఇదే ప్రశ్న వస్తే ఆవిడ పుస్తకాన్ని అడిగినామె వైపు తిప్పి పెట్టి, అంకె అంకె మీద వేలుంచి చదివించేవారు. ఒకసారి అలా చదువుతుంటే కూడిక తప్పని తేలింది. అందరి ముందే ఆ అంకెను ఒక గీతతో కొట్టేసి, సరైనది పైన రాసి, పక్కన సంతకం పెట్టి, అడిగినామె చేత కూడా పెట్టించారు. నలుగురిలో చులకనైపోతామన్న చింత ఆవిడ ముఖంలో నాకు కనబడలేదు.

పాకాల అన్నగారూ, పెద్ద సభలో ఆయన ఎలా మాట్లాడతారన్నది చూసి తేల్చుకోకండి. మీటింగులో బాగా బలహీనుడైన మనిషి, ఆయనకు నచ్చని ప్రశ్న అడిగిన రోజున వెళ్లి చూడండి.

మదనపల్లె_మాస్టారు రాశారు:

చర్చ అంతా ‘ఎలాంటివాడి వెంట నడవాలి’ అన్న దిక్కుగానే సాగుతోంది. అసలు నడవడం అన్న అలవాటు గురించి కూడా ఆలోచించాలి. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో మా మదనపల్లెలోనే పుట్టారు. ఆయన బాలుడిగా ఉన్నప్పుడే దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వారు ఆయనను రాబోయే జగద్గురువుగా నిర్ణయించి, 1911లో ఆయన కోసమే ఒక సంఘం స్థాపించారు. దేశదేశాల్లో వేల మంది సభ్యులు, భూములు, భవనాలు, డబ్బు సమకూరాయి. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్ శిబిరంలో, ఆ సభ్యుల ముందే నిలబడి, ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. తనను అనుసరించవద్దన్నారు. వచ్చిన ఆస్తులను ఇచ్చినవారికే తిరిగి ఇప్పించారు.

ఒక మనిషి వెంట నడవడంలో ఒక సుఖం ఉంది. ఆలోచించే భారం ఆయన మీద పడేసి మనం నిశ్చింతగా ఉండవచ్చు. ఆ సుఖం కోసమే మనం నాయకుడిని వెతుక్కుంటున్నామేమో పరీక్షించుకోవాలి. అలా వెతుక్కునేవారికి ఎంత మంచివాడు దొరికినా, కొన్నాళ్లకు వాళ్లే అతన్ని చెడగొడతారు. ఏది చెప్పినా తల ఊపేవారి మధ్య చాలాకాలం ఉన్న మనిషికి, తాను చెప్పేదంతా సరైనదే అని అనిపించకుండా ఎలా ఉంటుంది? పాకాల రైతు గారు ఆ కంపెనీ నియమావళి చదివారా? ఆయన వెంట ఇప్పటికే ఉన్న ఆ సగం ఊళ్లో ఎందరు చదివారు?

బంగారుపాళ్యం_కుర్రాడు రాశారు:

మాస్టారూ, మీ మాటను గౌరవిస్తూనే ఒకటి అడుగుతున్నాను. ఎవరి ఆలోచన వాళ్లే చేసుకొని, ఎవరి కాయ వాళ్లే పట్టుకెళ్లినందువల్లే కదా మా గతి అలా అయింది. కొనే ఫ్యాక్టరీలు కొన్నే, అమ్మే రైతులు వేల మంది. ఆ పరిస్థితుల్లో ఒకరి మాట మీద అందరూ నిలబడటం తప్ప దారి లేదు. ధర తేలే ఆ వారం రోజులు ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్లు చేస్తే, మొదట జారిపోయినవాడికి రెండు రూపాయలు ఎక్కువ రావచ్చు గానీ మిగతా అందరూ మునుగుతారు. కాయ చెట్టు మీద ఆగదు. మండీ వ్యాపారికి ఆ సంగతి మాకన్నా బాగా తెలుసు.

మదనపల్లె_మాస్టారు రాశారు:

కాదనడం లేదు నాయనా. ధర తేలే వారంలో కట్టుగా ఉండండి. ఆ కట్టుబాటు ఏమిటో, ఎన్నాళ్లో, ఎవరు తప్పితే ఏం చేయాలో అంతకుముందే అందరూ కూర్చొని నిర్ణయించుకున్నదైతే అది మీ మాట మీద మీరు నిలబడటం అవుతుంది. నేను చెప్పదలచుకున్నది అంతే.

సూళ్లూరుపేట_సుబ్బి రాశారు:

మా షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం గురించి ఒకటి చెప్పాలి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వి-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ గారే వచ్చి వైఫల్యం బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు విలేకరులతో మాట్లాడమని కలాం గారిని పంపించారు.

ఈ సంగతి అందరూ చెప్పుకునేదే. అయితే అందరూ ఆ రెండు విలేకరుల సమావేశాల దగ్గరే ఆగిపోతారు. నాకు ముఖ్యంగా కనబడేది మధ్యలోని పదకొండు నెలలు. విఫలమైన జట్టును తీసేసి కొత్తవారిని పెట్టలేదు. ఎక్కడ లోపం జరిగిందో వెతికించి, అదే డైరెక్టరుకు, అదే జట్టుకు మళ్లీ పని అప్పగించారు. కెమెరాల ముందు బాధ్యత తీసుకునేవారు ఈ రోజుల్లో కూడా దొరుకుతారు. మరునాడు ఆఫీసులో తప్పు చేసినవారితో ఆ పెద్దమనిషి ఎలా మాట్లాడారన్నది వారి కింద పనిచేసినవారిని అడిగితే గానీ తెలియదు. మీ నాయకుడి దగ్గర ఇంతకుముందు పనిచేసి బయటకు వచ్చేసినవారు ఎవరైనా ఉంటే వెళ్లి కలవండి.

ఎస్వీయూ_చరిత్ర_విద్యార్థి రాశారు:

ఆడిటర్ గారికీ బంగారుపాళ్యం అన్నకూ మధ్య వచ్చిన భేదానికి మన చరిత్రలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద 1921లో వేల మంది ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం అనే పాకల పల్లె కట్టుకొని సుమారు పదకొండు నెలలు గడిపారు. ఎండలో, వానలో, పిల్లాజెల్లాతో. తెలుగునాట ఒక మనిషి మాటకు జనం అంతగా కట్టుబడిన సందర్భాలు చాలా తక్కువ. ఆయన పాటతో, మాటతో జనాన్ని ఊపేయగల మనిషి, స్వార్థం అంటే ఎరుగని మనిషి, శ్రీరామదండు పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని కూడా తయారుచేసిన మనిషి. అయితే ఆయనను అరెస్టు చేసి జైలుకు పంపాక అంతటి ఉద్యమానికి ఆ స్థాయిలో దారి చూపేవారు లేకపోయారు. మెల్లమెల్లగా జనం పాత ఇళ్లకు తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది.

గోపాలకృష్ణయ్య గారు అనుసరించదగినవారు కారని నేను అనబోవడం లేదు. ఆయన వెంట నడిచినవారు పొందిన ధైర్యం తక్కువది కాదు. కానీ అంత గొప్ప మనిషి ఉన్నప్పుడు కూడా, ఆయన లేని రోజుకు ఏర్పాటు లేకపోతే నష్టపోయేది వెంట నడిచినవారే.

దీని పక్కన గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాల సంఘాన్ని పెట్టి చూడండి. అది 1946 డిసెంబరులో నమోదైంది, దాని మొదటి అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్. పాల కొనుగోలుపై గుత్తాధిపత్యం చేస్తున్న ఒక కంపెనీకి పాలు పోయడం ఆపించి మొదలుపెట్టిన సంఘం అది. పాకాల అన్న చెబుతున్న పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. అక్కడైతే కొనేవాడు ఒక్కడే, అమ్మేవారు వేల మంది, సరుకు గంటల్లో చెడిపోయేది. త్రిభువన్‌దాస్ గారు చేసిన అతి పెద్ద పని, నా దృష్టిలో, తనకు తెలియని విద్య తెలిసిన మనిషిని తనకు తోడుగా ఉంచుకోవడం. 1949లో ఆనంద్ పట్టణానికి వచ్చిన వర్గీస్ కురియన్ కేరళవాడు, రైతు కుటుంబాల భాష కూడా రానివాడు. ఆ కుర్రాడికి సంఘం పనిని నమ్మి అప్పగించి, రైతుల నమ్మకం తన వంతుగా కాపాడుతూ వచ్చారు. తరువాత ప్రపంచమంతా కురియన్ పేరే చెప్పుకుంది. త్రిభువన్‌దాస్ గారు 1970ల మొదట్లో పదవి నుంచి తప్పుకున్నారు, సంఘం మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. తన పక్కన తనకన్నా తెలిసినవాడు ఉంటే ఓర్చుకోగలడా అన్నది నాయకుడిని చూసే మంచి చూపు అనుకుంటాను.

కట్టమంచి_వాసి రాశారు:

చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. చుట్టూ తల ఊపేవాళ్లనే ఉంచుకునే మనిషి ఎంత మంచివాడైనా దూరంగా ఉండటమే మేలు.

పాకాల_రైతు రాశారు:

అందరికీ ధన్యవాదాలు. మొన్న మా ఊరి రచ్చబండ దగ్గర ఆయన మీటింగు జరిగింది. మీరు చెప్పినవి మనసులో పెట్టుకొని వెళ్లాను. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను, మీరే చెప్పండి.

ఆడిటర్ గారు అడగమన్న మూడు ప్రశ్నలూ అడిగాను. ఆయన వెంటనే సంచిలోంచి పాస్‌బుక్ తీసి నా చేతికిచ్చారు. ఖాతా ముగ్గురి పేర్ల మీద ఉంది, అందులో ఒకామె మా ఎస్సీ కాలనీ నుంచి. డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. జమ అయిన మొత్తానికీ, రసీదుల పుస్తకంలోని మొత్తానికీ తేడా లేదు, నేను అక్కడే కూడి చూశాను. అంతసేపూ ఆయన మాట్లాడకుండా కూర్చున్నారు. నొచ్చుకున్నట్టు కనబడలేదు.

తరువాత ఎవరైనా సీజన్ మధ్యలో బయటకు పోవాలంటే ఎలా అని ఒక ముసలాయన అడిగారు. దానికీ ఓపికగా సమాధానం చెప్పారు. ధర కుదిరేదాకా పోకూడదు, కుదిరాక నచ్చకపోతే రాతపూర్వకంగా చెప్పి పోవచ్చు, వాటా డబ్బు ఏడాది లెక్కలు తేలాక తిరిగి ఇస్తాం అన్నారు.

ఆఖర్న నేను, “మీరు లేనప్పుడు, మీకు ఒంట్లో బాగోలేనప్పుడు ఫ్యాక్టరీ వాళ్లతో ఎవరు మాట్లాడతారు” అని అడిగాను. అప్పుడు మాత్రం ఆయన ముఖం మారింది. “నేనుండగా ఆ అవసరం రాదు, ముందే అపశకునం ఎందుకు” అన్నారు. పక్కనున్నవాళ్లు కూడా నన్ను అదోలా చూశారు. అంతటితో మీటింగు ముగిసింది.

రేణిగుంట_నివాసి రాశారు:

ఖాతాలో ఎస్సీ కాలనీ ఆమె పేరు ఉండటం చిన్న విషయం కాదు. అయితే ఆ ఆమె పాస్‌బుక్ ఎప్పుడైనా చూశారా, సంతకం చెక్కు రాశాక పెడుతున్నారా లేక ఖాళీ చెక్కు మీద ముందే పెట్టించుకున్నారా అన్నది ఆమెనే అడగండి.

బంగారుపాళ్యం_కుర్రాడు రాశారు:

డబ్బు విషయంలో మచ్చ లేదు, బయటకు పోయే దారి ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? ఒక ప్రశ్నకు ముఖం చిట్లించినంత మాత్రాన మనిషిని కాదనుకుంటే మనకు దేవుళ్లు తప్ప ఎవరూ పనికిరారు. ఆ ప్రశ్న ఆయన చావు గురించి అడిగినట్టు వినిపించి ఉంటుంది.

విశ్రాంత_ఆడిటర్_తిరుపతి రాశారు:

తమ్ముడి మాటలో న్యాయం ఉంది. నిజానికి డబ్బు విషయంలో నేను ఆశించినదానికన్నా చాలా బాగుంది. కానీ ‘నేనుండగా’ అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. నిజాయితీ గల మనుషులు నడిపిన సంఘాలు ఎక్కువగా ఆగిపోయింది ఆ మాట దగ్గరే. దొంగలు నడిపిన సంఘం ఏదో ఒక ఆడిట్‌లో దొరుకుతుంది. మంచివాడు ఒక్కడే మోసిన సంఘంలో లోపం, ఆయన పడిపోయిన రోజున గానీ కనబడదు, ఆ రోజుకు లావాదేవీలన్నీ ఆయన తలలోనే ఉండిపోతాయి. ఆయనను తప్పుపట్టకుండా, డైరెక్టర్ల ఎన్నిక చట్టం చెప్పిన 90 రోజుల్లో జరిపించమని, ధర మాట్లాడటానికి కనీసం ముగ్గురితో కమిటీ వేయమని అడగండి. అది అవిశ్వాసం కిందికి రాదు, చట్టం అడుగుతున్నదే మీరూ అడుగుతున్నారు.

శ్రీకాళహస్తి_పొదుపు_సంఘం రాశారు:

అన్నగారూ, ఆ రోజు ఆయన ముఖం ఎలా మారిందన్న దానికన్నా, ఆ తరువాత ఏం చేశారన్నది నాకు ముఖ్యం. నలుగురిలో అడిగితే ఎవరికైనా చురుక్కుమంటుంది. ఇంటికి వెళ్లాక ఆ ప్రశ్న గురించి ఆలోచించే మనుషులు ఉంటారు, అడిగినవాడి గురించి ఆలోచించే మనుషులు ఉంటారు. మిమ్మల్ని తరువాతి మీటింగుకు ఎప్పటిలాగే పిలిచారా? మీతో మాట తీరు ఏమైనా మారిందా?

పాకాల_రైతు రాశారు:

అమ్మా, మీరు అడిగినందుకు చెబుతున్నాను. నిన్న సాయంత్రం ఆయనే మా తోటకు వచ్చారు. చెట్ల కింద కూర్చున్నాక, “నువ్వడిగిన దానికి సమాధానం నా దగ్గర లేదు, అందుకే అలా అన్నాను” అన్నారు. ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడే పద్ధతి, బ్రిక్స్ (కాయలో తీపి ఎంతుందన్న లెక్క) ఎలా కొలుస్తారు, సూటు పేరుతో తూకంలో ఎంత కోస్తారు, పాత బకాయిల లెక్క ఎలా తీయాలి, ఇవన్నీ తాను ఒక్కడే నేర్చుకున్నానని, ఇంకొకరికి నేర్పాలన్న ఆలోచన రాలేదని చెప్పారు. వచ్చే నెల నుంచి తనతోపాటు ఫ్యాక్టరీలకు ఇద్దరిని తీసుకెళ్తానన్నారు, అందులో ఒకరుగా నన్ను రమ్మన్నారు.

నేను వస్తానని చెప్పాను. రేణిగుంట అన్నగారు చెప్పినట్టు కాలనీ ఆమెను కూడా కలిశాను. చెక్కు మీద మొత్తం రాసి ఉంటేనే సంతకం పెడతానని ఆమె మొదటి రోజే చెప్పిందట, అలాగే జరుగుతోందట. వాటా డబ్బు ఈ వారం కడుతున్నాను. కాయ మొత్తం కంపెనీకే ఇస్తానన్న ఒప్పంద పత్రం మీద మాత్రం డైరెక్టర్ల ఎన్నిక జరిగాకే సంతకం పెడతానని ఆయనకు చెప్పాను. కాసేపు ఊరుకుని, మిగతావారికి కూడా అదే పద్ధతి పెడదామన్నారు.

ఇక ఒక సహాయం కావాలి. నియమావళి ముసాయిదా ఇంగ్లీషులో ఉంది, మా ఊళ్లో ఎక్కువమందికి అది చదవడం రాదు. ఉత్పత్తిదారుల కంపెనీ నియమావళి తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా మా ముసాయిదాను తెలుగు చేసిపెట్టేవారు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి. మొదటి సర్వసభ్య సమావేశానికి ముందే దాన్ని రచ్చబండ దగ్గర అందరికీ చదివి వినిపించాలని అనుకుంటున్నాం.

విశ్రాంత_ఆడిటర్_తిరుపతి రాశారు:

ముసాయిదా నాకు పంపండి, తెలుగు చేసే పని నేను తీసుకుంటాను. సభ్యత్వం రద్దు, నిధుల వాడకం, డైరెక్టర్ల తొలగింపు గురించిన భాగాలు ముందు చేసి పంపుతాను. చదివి వినిపించే రోజు ఏదో చెబితే నేనూ పాకాల వస్తాను.